గడప దాటితే జపాన్

సూట్‌కేసులు ఎనిమిది. మనుషులు నలుగురు. బయల్దేరింది అమెరికాలోని ఒహాయో రాష్ట్రం నుంచి. దిగింది టోక్యోకి పడమటి దిక్కున, నారింజరంగు పట్టీ వేసుకున్న చువో లైన్ రైళ్లు తిరిగే ఓ శివారు కాలనీలో. ఆయన ఇంజినీరు. మూడేళ్ల ఒప్పందం మీద వచ్చాడు. ఆవిడ స్కూల్లో లైబ్రేరియన్. ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చింది. అమ్మాయికి పదేళ్లు, అబ్బాయికి ఆరు.

జపాన్ అంటే అప్పటిదాకా వాళ్లకు తెలిసింది బుల్లెట్ రైలు, సుషీ, ఫ్యుజి పర్వతం, పిల్లల కార్టూన్లు. తీరా వచ్చి కాపురం పెట్టాక మొదటి ఏడాదిలో బుల్లెట్ రైలు ఎక్కింది రెండేసార్లు! ఆశ్చర్యాలన్నీ ఇంటి చుట్టూనే ఎదురయ్యాయి. గుమ్మం దగ్గర ఒకటి, స్నానాల గదిలో ఒకటి, చెత్త పారేసే మూల దగ్గర ఒకటి, బడి దారిలో మరొకటి. గైడు పుస్తకాల్లో కనిపించని జపాన్ అది.

స్లిప్పర్లకూ లెక్కుంది

జపాన్ ఇంటి తలుపు తీయగానే కనిపించేది హాలు కాదు, ‘గెన్కాన్’. లోపలి నేలకన్నా ఓ మెట్టు కిందికి ఉండే చిన్న జాగా. బూట్లు అక్కడే విప్పాలి. విప్పినవాటిని ముక్కులు వీధివైపు ఉండేలా తిప్పి పెట్టాలి. చెప్పులు గుమ్మం బయట వదిలే మన ఇళ్లలో ఇదేమంత వింత కాదు. బూట్లతోనే తివాచీ మీద నడిచే ఇంటి నుంచి వచ్చినవాళ్లకు మాత్రం కొత్తే.

అక్కడితో అయిపోలేదు. మెట్టెక్కాక స్లిప్పర్లు వేసుకోవాలి. గడ్డితో అల్లిన తతామీ చాపల గదిలోకి అవీ పనికిరావు, ఒట్టి కాళ్లతోనో మేజోళ్లతోనో వెళ్లాలి. మరుగుదొడ్డికి వేరే జత. దాన్ని ఆ గది దాటించి తేకూడదు. ఇంటి యజమాని పలకరించడానికి వచ్చినరోజున మన ఇంజినీరుగారు ఆ జతతోనే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పెద్దాయన మర్యాదస్తుడు. టీ తాగినంతసేపూ గోడమీది క్యాలెండర్ వైపే చూస్తూ మాట్లాడాడు. ఆయన వెళ్లిపోయాక అబ్బాయి చెప్పాడు... ‘నాన్నా, నీ కాళ్లకున్నవి ఎక్కడివో చూసుకున్నావా?’ అని.

కొత్తగా వచ్చినవాళ్లే వెళ్లాలి

అమెరికాలో ఓ ఇంట్లోకి కొత్తగా ఎవరైనా దిగితే, చుట్టుపక్కలవాళ్లు ఏ కేకో, బిస్కెట్లో పట్టుకొచ్చి పలకరించడం మర్యాద. వీళ్లూ అలాగే ఎదురుచూశారు. రెండురోజులు గడిచాయి. ఎవరూ రాలేదు. ఇదేం ఊరు, మనం రావడం వీళ్లకు ఇష్టం లేదా అని ఆవిడ చిన్నబుచ్చుకుంది.

విషయం ఆయన ఆఫీసులో తెలిసింది. జపాన్‌లో ఆ మర్యాద తిరగేసి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లే చిన్న కానుక పట్టుకుని వెళ్లి ‘ఇకమీదట మీ దయ’ అన్నట్టుగా తలవంచి పలకరించాలి. తువ్వాలో, స్వీట్ల పెట్టో చాలు. ఎన్ని ఇళ్లకు అన్నదానికీ ఓ పాత లెక్కుంది... ఎదురుగా మూడు, ఇరుపక్కలా రెండు. మూడోరోజు సాయంత్రం నలుగురూ తువ్వాళ్లు పట్టుకుని బయల్దేరారు. ఎడమవైపు ఇంట్లో తలుపు తీసింది ఎనభై ఏడేళ్ల బామ్మ. ఒక్కతే ఉంటుంది. తువ్వాలు తీసుకుని, లోపలికెళ్లి, పిల్లల చేతుల్లో రెండు కమలాపళ్లు పెట్టింది. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. అయినా ఆ ఇంటితో స్నేహం అలా మొదలైంది.

గంటకు పది నిమిషాలు ఆలస్యం

జపాన్ గోడల్లోని ప్లగ్గులు చూసి వాళ్లు సంబరపడ్డారు. అమెరికా ప్లగ్గుల్లాగే రెండు బల్లపరుపు పుల్లలు. ఇంటినుంచి తెచ్చిన పాత అలారం గడియారం చక్కగా పట్టింది, నడిచింది కూడా. కానీ మర్నాడు ఉదయం ఆయన రైలు తప్పిపోయింది! రాత్రి సరిచేసి పెట్టిన గడియారం తెల్లారేసరికి గంటకు పైగా వెనకబడింది.

గడియారం చెడిపోలేదు. ఆ రకం గడియారాలు కరెంటు లయను లెక్కపెట్టుకుంటూ నడుస్తాయి. అమెరికాలో కరెంటు సెకనుకు 60 ఆవృత్తాలు. టోక్యోలో 50. కాబట్టి అరవై నిమిషాలు గడిస్తే అది యాభై నిమిషాలే చూపిస్తుంది. విచిత్రమేంటంటే, అదే గడియారాన్ని ఒసాకా తీసుకెళ్తే సరిగ్గా నడుస్తుంది! పందొమ్మిదో శతాబ్దం చివర్లో కరెంటు కొత్తగా వచ్చినప్పుడు టోక్యో జర్మనీ నుంచి జనరేటర్లు కొంటే, ఒసాకా అమెరికా నుంచి కొన్నది. అందుకే ఇప్పటికీ దేశం తూర్పు భాగంలో 50, పడమటి భాగంలో 60. 2011 మార్చిలో భూకంపం, సునామీ వచ్చి తూర్పున విద్యుత్ కేంద్రాలు ఆగిపోయినప్పుడు పడమటి నుంచి కావలసినంత కరెంటు అందించలేకపోవడానికి ఈ తేడాయే పెద్ద అడ్డంకి అయింది. ఆ గడియారాన్ని వాళ్లు పారేయలేదు, చూసేవాళ్లకు కథ చెప్పడానికి అల్మరాలో పెట్టుకున్నారు.

తిరిగొచ్చిన చెత్త సంచి

ఉద్యోగం, భాష, బడి... వీటిలో ఏది అన్నిటికన్నా కష్టం అని ఆవిణ్ని అడిగితే ‘చెత్త’ అంటుంది. పురపాలక కార్యాలయంవాళ్లు ఇచ్చిన రంగురంగుల పట్టికను ఫ్రిజ్ తలుపు మీద అంటించుకుంది. కాలే చెత్త ఓ రోజు, కాలనిది మరోరోజు. ప్లాస్టిక్ కవర్లు విడిగా. నీళ్ల సీసాలకు మూత, చుట్టూ ఉన్న కాగితం తీసేసి, కడిగి వేరే పెట్టాలి. పాత పేపర్లు దారంతో కట్టాలి. ఏదైనా ఆ రోజు ఉదయమే పెట్టాలి, ముందురోజు రాత్రి పెడితే కాకులు చింపేస్తాయి. అందుకే సంచుల మీద వల కప్పుతారు. పాత సోఫాలాంటివి పారేయాలంటే ముందుగా ఫోన్ చేసి, డబ్బు కట్టి, చీటీ అంటించాలి. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఏసీలకైతే 2001 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. వాటిని వదిలించుకునేవాళ్లే రీసైక్లింగ్ ఖర్చు భరించాలి.

రెండోవారం వాళ్ల సంచిని బండివాళ్లు తీసుకెళ్లలేదు. దానిమీద ఓ స్టిక్కరు అంటించి అక్కడే వదిలేశారు. వీధి వీధంతా చూస్తుండగా తమ సంచి ఒక్కటే మిగిలిపోవడం ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఎడమవైపు ఇంటి బామ్మ వచ్చి, సంచి విప్పి, నేలమీద కూర్చుని ఒక్కొక్కటీ చూపిస్తూ వేరు చేసింది. ఇది ఇటు, అది అటు. ఆవిడ నేర్చుకున్న తొలి జపనీస్ మాటలు అక్కడివే... ‘మొఏరు’ అంటే కాలేది, ‘మొఎనాయి’ అంటే కాలనిది.

ఇంతా చేస్తే రోడ్ల మీద చెత్తబుట్టలు పెద్దగా ఉండవు. 1995లో టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువు దాడి జరిగాక చాలాచోట్ల వాటిని తీసేశారు. పిల్లలు చాక్లెట్ తింటే కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి తేవడం అలవాటైంది. టోక్యోలో తూర్పు వైపున్న ఎదొగావా వార్డులో, నిషికసాయి చుట్టుపక్కల భారతీయ కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్నాయి. వారిలో తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల ఇళ్లూ ఉన్నాయి. చెత్త సంగతిలో వాళ్లకూ మినహాయింపు లేదు!

నలుగురికీ ఒకే తొట్టి నీళ్లు

రోజంతా పనిచేసొచ్చి తొట్టిలో సబ్బునురగ నింపుకుని పడుకోవడం అమెరికావాళ్లకు ఇష్టమైన విలాసం. జపాన్‌లో తొట్టిలోకి సబ్బు పోకూడదు! ముందు బయట పీటమీద కూర్చుని ఒళ్లంతా రుద్దుకుని, శుభ్రంగా కడుక్కోవాలి. ఆ తర్వాతే తొట్టిలో దిగాలి. తొట్టి ఒళ్లు కడుక్కోవడానికి కాదు, వేణ్నీళ్లలో నానడానికి. ఇంట్లో అందరికీ అవే నీళ్లు. ఒకరు లేచాక మూత పెడితే తర్వాతివాళ్లకు వేడి నిలుస్తుంది. చాలా ఇళ్లలో మిగిలిన నీళ్లను మర్నాడు చిన్న పంపుతో వాషింగ్ మెషిన్‌లోకి తోడి బట్టలకు వాడతారు.

మొదట్లో నలుగురూ మొహాలు చిట్లించారు. చలికాలం వచ్చింది. అక్కడి మామూలు ఇళ్లలో ఇల్లంతా వెచ్చబరిచే ఏర్పాటు ఉండదు, ఏ గదికి ఆ గదే. డిసెంబరు రెండోవారానికల్లా తొట్టిలోకి ముందు ఎవరు దిగాలన్నదాని మీద అక్కాతమ్ముళ్లు పోట్లాడుకోసాగారు.

ఆరేళ్లవాడు ఒంటరిగా!

జపాన్‌లో చదువుల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. అంతర్జాతీయ పాఠశాలల ఫీజులు చూసి కళ్లు తిరిగి, ఇద్దరినీ కాలనీలోని ప్రభుత్వ పాఠశాలలో చేర్చారు. వీపున గట్టి తోలుసంచి, ఒకటో తరగతి పిల్లలకు పసుపు టోపీ. అంతవరకూ ముచ్చటగానే ఉంది. ‘బడికి పిల్లలే నడిచి రావాలి, తల్లిదండ్రులు దింపనక్కర్లేదు’ అన్నప్పుడు ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఒహాయోలో పసుపు బస్సు ఇంటి దగ్గరికే వచ్చేది. ఆరేళ్లవాణ్ని రోడ్డుమీద ఒంటరిగా వదిలితే పక్కింటివాళ్లు పోలీసులకు ఫోన్ చేసినా చేసేవాళ్లు.

మొదటివారం ఆవిడ పిల్లలకు కనిపించకుండా వెనకాలే నడిచింది. కూడళ్లలో జెండాలు పట్టుకుని పెద్దవాళ్లు నిలబడి ఉన్నారు. కొన్ని ఇళ్లకు, దుకాణాలకు ‘పిల్లలు భయమేస్తే ఇక్కడికి రావచ్చు’ అనే అర్థంతో బోర్డులున్నాయి. పెద్దతరగతి పిల్లలు చిన్నవాళ్లను మధ్యలో పెట్టుకుని నడిపిస్తున్నారు. మూడోరోజు ఓ జెండా తాతయ్య ఆవిణ్ని ఆపి, చిరునవ్వుతో ఇంటివైపు చూపించాడు. ‘మేం చూసుకుంటాం, నువ్వు వెళ్లమ్మా’ అన్నట్టుగా. ఆరోజు ఆవిడ ఇంటికొచ్చి ఏడ్చింది. భయంతో కాదు. కొడుకును నలుగురూ చూసుకునే ఊరు ఒకటుంటుందని తెలిసి.

బడిలో ఇంకా ఉన్నాయి. పిల్లలే తెల్ల టోపీలు, ముసుగులు వేసుకుని భోజనం వడ్డిస్తారు. పిల్లలే తరగతి గదులు, వరండాలు ఊడ్చి తుడుస్తారు. ఇంట్లో మంచం మీది దుప్పటి మడవని అబ్బాయి, బడిలో గుడ్డ పిండి నేల తుడుస్తున్న ఫొటో చూసి అమ్మమ్మ ఒహాయో నుంచి ఫోన్ చేసి మరీ నవ్వింది.

సాయంత్రం అయిదు గంటలకు స్తంభాలమీది లౌడ్‌స్పీకర్లలో పాత పిల్లలపాట బాణీ వినిపిస్తుంది. మొదటిరోజు అది ప్రమాద సైరనేమో అని వాళ్లు కంగారుపడ్డారు. ఆ లౌడ్‌స్పీకర్లు నిజంగా విపత్తుల కోసం పెట్టినవే. రోజూ ఆ పాటతో అవి పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటారు. పిల్లలకు మాత్రం ‘ఇక ఆటలు చాలు, ఇంటికి పొండి’ అని అర్థం.

మనవే... కానీ మనవి కావు

అన్నిటికన్నా వాళ్లను తికమకపెట్టినవి అమెరికా నుంచే వచ్చిన వస్తువులు. వీధి చివరి సెవెన్-ఎలెవెన్ దుకాణం చూసి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. 1927లో టెక్సాస్‌లోని డల్లాస్‌లో ఐసు అమ్మే కొట్టుగా పుట్టిన కంపెనీ అది. జపాన్‌లో తొలి దుకాణం 1974లో టోక్యోలోని తొయోసులో తెరిచారు. లోపలికెళ్తే సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్దలు, వేడి పులుసులో ఉడుకుతున్న ముల్లంగి ముక్కలు! అక్కడే కరెంటు బిల్లు కట్టొచ్చు, పార్శిల్ పంపొచ్చు. అసలు సంగతి ఏంటంటే, శిష్యుడే గురువును కొనేశాడు. 1991లో అమెరికా కంపెనీ మీద జపాన్‌వాళ్లకు పట్టు వచ్చింది. 2005లో అది పూర్తిగా వాళ్లదైపోయింది.

క్రిస్మస్‌కు టర్కీ కోడి దొరకలేదు. ఊరంతా కెంటకీ చికెన్ దుకాణాల ముందు బారులు! 1974లో మొదలైన ప్రచారంతో అక్కడ క్రిస్మస్ అంటే వేయించిన కోడి, స్ట్రాబెర్రీ కేకు అని స్థిరపడిపోయింది. ముందుగా ఆర్డరివ్వకపోతే ఆరోజు కష్టమే.

వేసవి సెలవుల్లో పొద్దున్నే ఆరున్నరకు పిల్లలు పార్కులో చేరి, రేడియో సంగీతానికి తగ్గట్టు చేతులూపుతూ వ్యాయామం చేస్తారు. వచ్చినవాళ్ల కార్డులమీద ముద్ర వేస్తారు. ఇది అచ్చమైన జపాన్ పద్ధతి అని ఆవిడ మురిసిపోయింది. తీరా చూస్తే దాని మూలమూ అమెరికాలోనే ఉంది. 1925లో న్యూయార్క్‌లోని ఓ జీవితబీమా కంపెనీ రేడియోలో వ్యాయామ పాఠాలు మొదలుపెట్టింది. అది చూసి జపాన్ తపాలాశాఖ బీమా విభాగం 1928లో తమ దేశంలో ఆరంభించింది. అమెరికాలో ఎప్పుడో మరిచిపోయారు. జపాన్‌లో తాతలూ మనవలూ ఇప్పటికీ కలిసి చేస్తున్నారు.

పారేసుకున్నా దొరికింది

తొలిరోజుల్లో ఓ నూడుల్స్ హోటల్లో ఆయన బల్లమీద టిప్పు వదిలి వచ్చాడు. వడ్డించిన కుర్రాడు రెండు సందుల దాకా వెంటపడి ఆ చిల్లర చేతిలో పెట్టి, వంగి నమస్కరించి వెళ్లాడు. జపాన్‌లో టిప్పు అలవాటు లేదు. మరిచిపోయారనే అనుకుంటారు.

ఇంకోసారి అబ్బాయి తన చిన్న పర్సు పారేసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత కూడలిలోని ‘కోబాన్’లో దొరికింది. కోబాన్ అంటే ఒకరిద్దరు పోలీసులుండే బుల్లి ఠాణా. దేశం మొత్తం మీద ఇవి ఆరు వేలకు పైనే. దొరికిన వస్తువు అప్పగించినవారికి దాని విలువలో 5 నుంచి 20 శాతం వరకు పారితోషికం కోరే హక్కు చట్టంలోనే ఉంది. మూడు నెలల్లో సొంతదారు రాకపోతే చాలావరకు వస్తువులు దొరికినవారికే చెందుతాయి. అబ్బాయి పర్సు తెచ్చిచ్చింది రెండో తరగతి పిల్ల. ఆమె ఏమీ అడగలేదు.

భూమి ఊగిన రాత్రి

అక్టోబరులో ఓ రాత్రి ఫోన్లన్నీ ఒక్కసారిగా కర్ణకఠోరంగా అరిచాయి. 2007 నుంచి జపాన్ అంతటా అమల్లో ఉన్న భూకంప ముందస్తు హెచ్చరిక అది. పెద్దవాళ్లిద్దరూ ఏం చేయాలో తోచక నిలబడిపోయారు. అబ్బాయి మాత్రం ‘అమ్మా, బల్ల కిందికి!’ అని అరిచి తాను దూరిపోయాడు. అమ్మాయి గుమ్మం తలుపు తెరిచి వచ్చి దూరింది. చట్రం వంగిపోతే తలుపు రాదని బడిలో చెప్పారట. 1923 మహాభూకంపంలో లక్షకు పైగా చనిపోయిన సెప్టెంబరు 1ని ఏటా విపత్తు నివారణ దినంగా జరుపుతారు. ఆరోజు దేశమంతటా పిల్లలు ఇవే సాధన చేస్తారు.

అరనిమిషంలో ఊపు ఆగింది. అరలోంచి రెండు గిన్నెలు పడ్డాయి, అంతే. అయిదు నిమిషాలు గడవకముందే తలుపు దగ్గర టార్చి వెలుగు. ఎనభై ఏడేళ్ల బామ్మ, తలకు మెత్తటి టోపీ కట్టుకుని, వీళ్లు ఎలా ఉన్నారో చూడ్డానికి వచ్చింది. నిజానికి ఆమెను చూడ్డానికి వీళ్లు వెళ్లాల్సింది! మర్నాడే నలుగురికీ నాలుగు అత్యవసర సంచులు కొన్నారు. అయిదోది బామ్మకు.

మార్చి 10

అప్పటికి అమ్మాయికి జపనీస్ బాగా వచ్చేసింది. సాయంత్రాలు ‘ఒబాచాన్’ ఇంట్లోనే హోంవర్కు. ఓరోజు బడి భోజనాల గురించి మాటలొచ్చాయి. చిన్నప్పుడు తమకు బడిలో పాలపొడి కలిపిన పాలు ఇచ్చేవారని, వాసన భరించలేక ముక్కు మూసుకుని తాగేదాన్నని బామ్మ నవ్వుతూ చెప్పింది. ఆ పాలపొడి అమెరికా నుంచి వచ్చిందే. యుద్ధం తర్వాత 1946 చివర్లో సహాయసంస్థలు పంపిన సరుకులతోనే టోక్యో బడుల్లో భోజనాలు మళ్లీ మొదలయ్యాయి. ‘అంతకుముందు తినడానికి ఏముండేది?’ అని పిల్ల అడిగింది. బామ్మ కాసేపు ఆగి, మిగతాది కూడా చెప్పింది.

1945 మార్చి 9 అర్ధరాత్రి దాటాక అమెరికా బి-29 విమానాలు సుమిదా నదికి ఇరువైపులా కొయ్య ఇళ్లున్న పేటలమీద నిప్పుల వాన కురిపించాయి. తెల్లారేసరికి లక్షమంది దాకా చనిపోయారు. పది లక్షలమంది నిలువనీడ కోల్పోయారు. ఆ పేటల్లో ఒకదాంట్లోనే ఏడేళ్ల పిల్లగా బామ్మ తల్లి చెయ్యి పట్టుకుని పరిగెత్తింది. తమ్ముడూ అమ్మమ్మా మిగల్లేదు.

ఆరాత్రి ఒహాయో ఇంట్లో భోజనాలు ముగిసినా ఎవరూ లేవలేదు. తువ్వాలు తీసుకున్న మనిషి, చెత్త వేరుచేసి నేర్పిన మనిషి, టార్చి పట్టుకుని వచ్చిన మనిషి... తమది ఏ దేశమో మొదటిరోజు నుంచీ ఆమెకు తెలుసు. ఒక్కసారీ మాటలో, చూపులో తేడా రానివ్వలేదు. ఇప్పుడు ఏమని క్షమాపణ చెప్పాలి? ఎవరి తరఫున చెప్పాలి? ఇద్దరికీ పాలుపోలేదు. చివరికి ఆవిడ మర్నాడు వెళ్లి, వచ్చీరాని భాషలో ఒకటే అడిగింది... ‘మీరు మార్చి 10న గుడికి వెళ్తారట కదా. మేమూ రావచ్చా?’

‘రండి. ఉదయం రైలు రద్దీగా ఉంటుంది, పిల్లల్ని గట్టిగా పట్టుకోండి’ అంది బామ్మ.

సుమిదా వార్డులోని యొకొఅమిచో పార్కులో స్మారక మందిరం ఉంది. 1923 భూకంప మృతుల కోసం 1930లో కట్టినది. తర్వాత యుద్ధకాలపు వైమానిక దాడుల్లో పోయినవారి అస్థికలనూ అక్కడే ఉంచారు. మొత్తం 1,63,000 మందివి. ఆరోజు అయిదుగురూ వరసలో నిలబడి, చిటికెడు ధూపం నిప్పుమీద వేసి, చేతులు జోడించారు. వరసలో ముందూ వెనకా అంతా ముసలివాళ్లే. అమెరికా కుటుంబాన్ని చూసి ఒకరిద్దరు కొద్దిగా తలవంచారు. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు.

తిరుగు రైల్లో అబ్బాయి బామ్మ భుజం మీద నిద్రపోయాడు. ఒప్పందం ఇంకో రెండేళ్లు పొడిగించమని కంపెనీని అడగాలని ఆయన, ఆవిడ ఆ ప్రయాణంలోనే అనుకున్నారు. సాయంత్రానికి ఇల్లు చేరారు. బామ్మ తన తలుపు తాళం తీస్తూ వెనక్కి తిరిగి చెప్పింది... ‘రేపు పాత పేపర్ల రోజు. దారంతో గట్టిగా కట్టండి, మరిచిపోకండి!’